మట్టి గోడకు సిమెంటు పూయించి నేను నేర్చుకున్నది
(మహాసభలో ఒక సభ్యురాలి ప్రసంగం)

ఇంటి మరమ్మతు అప్పు గురించి మాట్లాడమన్నారు. నా పొరపాటే చెప్తాను.

మాది ఖమ్మం పక్క పల్లె, అత్తగారి నాటి మట్టిగోడల పెంకుటిల్లు. ఈమధ్య వానలు ఒక్కసారే కుమ్మేస్తున్నాయి కదా! గోడ గట్టిపడుతుందని సంఘంలో అప్పు తీసుకుని సిమెంటు పూయించాను. డాబాలా మెరిసింది. 2024 సెప్టెంబరు వానలకు పడమటి గోడ కూలింది. దూడ వెంట్రుకవాసిలో తప్పించుకుంది. గోడ పోయినా కిస్తీలు పోలేదు, ఇంకా కడుతున్నా.

మట్టి గోడ చెమ్మ పీల్చుకుని ఎండకు వదిలేస్తుంది. సిమెంటు వదలనివ్వదు. బీటలో దిగిన నీళ్లు లోపలే నిలిచి గోడ అడుగు నానిపోతుంది, పైకి ఏమీ కనబడదు. మట్టిపూత, సున్నం అయితే తడి ఆరుతుంది.

మా అత్త ఏటా వానలకు ముందే పెంకులు సర్దించేది, గోడ అడుగున మట్టి మెత్తించేది. చూరు నీళ్లు గోడ మీద చిమ్మకుండా కాలువ తీయించేది. నాకది చాదస్తం అనిపించేది.

రోహిణి ఎండల్లో ఆ ఇంటి చల్లదనం రేకుల కింద దొరకదు, అందుకే గోడ మళ్లీ మట్టితోనే పెట్టించాను.

మన సంఘాల్లో సిమెంటు బిల్లుకే అప్పు ఇస్తున్నాం. పెంకులకు, వాసాలకు, సున్నానికి, కూలికి కూడా ఇవ్వాలని అడుగుతున్నాను. అదీ మృగశిర వచ్చాక కాదు, ఎండలుండగానే చేతికి రావాలి.