మగవాడి ముస్తాబుకు ముహూర్తం కావాలా?



మగవాళ్ళు మేకప్ వేసుకోవచ్చా అన్న విషయం మీద మాట్లాడమన్నారు. మణుగూరులో ఈ మాటెత్తితే ముందు నవ్వుతారు. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో షిఫ్టు దిగి వచ్చినవాడికి ముఖాన పట్టిన బొగ్గు వదిలించుకోవడమే పెద్ద పని, పైన మళ్ళీ పూతెందుకు అంటారు. సరే, నవ్వుకుందాం. నవ్వుకున్నాక మన పెళ్ళిళ్ళు ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

పెళ్ళికొడుకును చేసేనాడు నలుగు పెట్టి నీళ్ళు పోస్తాం. కళ్ళకు కాటుక, నుదుట కల్యాణ తిలకం, బుగ్గన చుక్క, పాదాలకు పారాణి. మేనత్త గడ్డం పట్టుకుని, తల కదపకురా అని కసురుతూ దిద్దుతుంది. నిన్నటిదాకా డంపర్ నడిపిన కుర్రాడు కిక్కురుమనకుండా కూర్చుంటాడు. ఇదేం ఆడంగి వేషమని ఎవరూ అనరు. అదే కుర్రాడు తర్వాతెప్పుడో తనంతట తాను కాస్త పౌడరు ఎక్కువ రాసుకుంటే మాత్రం, ఏరా, ఎక్కడికి షికారు అంటారు.

అంటే మనకు అభ్యంతరం రంగు మీద కాదు. దేవుడి కోసమో, పెళ్ళి కోసమో, నాటకం కోసమో అయితే మగవాడు ఎంతైనా పూసుకోవచ్చు. తిరుపతి గంగమ్మ జాతరలో ఒకనాడు ఒళ్ళంతా తెల్ల నామం సుద్ద, మరొకనాడు కుంకుమ, ఇంకొకనాడు బొగ్గు పూసుకుని మొక్కు తీర్చుకుంటారు. చీర కట్టి, పూలు ముడుచుకుని వచ్చేవాళ్ళూ ఉంటారు. ఆదోని దగ్గర సంతెకూడ్లూరులో హోళీకి మగవాళ్ళు చీరలు కట్టుకుని రతీమన్మథులను కొలుస్తారు. అంత దూరం ఎందుకు, మన ఏజెన్సీలో కోయ అన్నలు కొమ్ములు, నెమలి ఈకలు తలకెత్తుకుని ఆడుతుంటే కళ్ళు తిప్పుకోగలమా?

రంగస్థలం సంగతి చెప్పనే అక్కర్లేదు. సత్యభామగా స్థానం నరసింహారావు గారు వేదికెక్కితే జనం విరగబడేవారు. ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చింది. కూచిపూడి భామాకలాపంలో అదే సత్యభామను ఆడిన వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి 1970లో వచ్చింది. 1963లో 'నర్తనశాల' సినిమాలో ఎన్.టి. రామారావు గారు బృహన్నలగా కనిపిస్తే ఆయన మగతనానికి ఏ లోటూ రాలేదు.

పాతకాలం భాగవతుల పెట్టెలో అర్దళం ఉండేది. మెత్తగా నూరి ముఖానికి పట్టిస్తే దీపాల వెలుగులో పసిమిగా మెరిసేది. చూడ్డానికి పసుపే, కానీ అందులో ఉన్నది గంధకంతో కలిసిన ఆర్సెనిక్, అంటే పాషాణం. కళ కోసం వాళ్ళు చర్మాన్ని పణంగా పెట్టారు. ఇవాళ మన కుర్రాళ్ళు దేనికోసం పెడుతున్నారో చూడండి.

తెల్లబడే క్రీము మన దేశంలో ఆడపిల్లలకు 1975 నుంచి అమ్ముతున్నారు. 2005లో మగవాళ్ళకంటూ వేరే ట్యూబు వచ్చింది. 2020లో ఆడవాళ్ళ ట్యూబు మీద 'ఫెయిర్' పోయి 'గ్లో' వచ్చింది, అంతే. పెళ్ళిచూపుల్లో "పిల్ల చామనఛాయ" అని గొంతు తగ్గించి చెప్పే ఇళ్ళు తగ్గాయా? బొట్టూ పౌడరూ లేకుండా ఒక టీచరమ్మ బడికి వెళితే, ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. మగవాడు రాసుకుంటే నేరం, ఆడది రాసుకోకపోతే నేరం. మగవాడికి కూడా రాసుకునే స్వేచ్ఛ రావాలన్నదే నా మాట. కానీ ఆడవాళ్ళ నెత్తిన ఉన్న బరువును మగవాళ్ళ నెత్తిన కూడా పెట్టి దానికి సమానత్వమని పేరు పెడితే నేను ఒప్పుకోను. ఉద్యోగానికి వెళ్ళే కుర్రాడు మొటిమల మచ్చలు కప్పుకోవాలనుకుంటే కప్పుకోనివ్వండి. అక్కర్లేదన్న అమ్మాయినీ అలాగే వదిలేయండి.

ఇక సెలూన్లు, పార్లర్లు నడిపే మన వృత్తి మాట. ఇంటర్వ్యూకని, నిశ్చితార్థానికని ముస్తాబుకు వచ్చే కుర్రాణ్ణి వెక్కిరించకండి. వాడి రంగుకు సరిపోయే షేడే వేయండి, రెండు మెట్లు తెల్లనిది వేసి మెడ దగ్గర గీత కనపడేలా పంపకండి. కొత్త క్రీము ఏదైనా ముందు చెవి వెనక కాస్త రాసి, మర్నాడు చూసి వాడండి. బెట్నొవేట్ లాంటి స్టెరాయిడ్ క్రీము ఫేస్‌ప్యాకులో కలపడం కొన్నిచోట్ల ఇంకా ఉంది. నాలుగు రోజులు ముఖం నిగనిగలాడుతుంది. వాడుతూ పోతే చర్మం పలచబడి, ఎర్రబారి, మొటిమలు లేస్తాయి, మానేస్తే ఇంకా మండుతుంది. డాక్టరు చీటీ లేకుండా దాన్ని ముట్టుకోవద్దు. మీ బోర్డుల మీద 'జెంట్స్ ఫేషియల్' కింద 'తెల్లగా చేయబడును' అని ఎక్కడైనా ఉంటే, ఆ రెండో ముక్క మీద ఈ సాయంత్రమే రంగు వేయించండి.

ప్రశ్నలుంటే అడగండి, టీ వచ్చేలోపు మాట్లాడుకుందాం.