గడ్డి వంతెన – నాలుగు గ్రామముల పండుగ
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



వంతెన యనగానే మనకు రాయి, సున్నము, ఇనుము జ్ఞప్తికి వచ్చును. నేడు నేను చెప్పబోవు వంతెన కేవలము గడ్డితో పేనినది. అది దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున, ఆండీస్ పర్వతముల నడుమ, అపూరిమాక్ నదిపై నున్నది. పేరు కెస్వాచాకా; పొడవు సుమారు 28 మీటర్లు. పూర్వము ఇన్కా ప్రభువులు తమ రాజమార్గములను ఇట్టి వంతెనలతో కలిపియుండిరి.

గడ్డి ఎండకు, వానకు ఆగునా? ఆగదు. కావుననే ఏటేటా జూన్ మాసమున నాలుగు గ్రామముల వారు కూడి దానిని సరిక్రొత్తగా అల్లుదురు. ప్రతి కుటుంబమును గడ్డి కోసి, నలుగగొట్టి, తన వంతు త్రాడు పేని తేవలెను. ఈ పేనుటలో స్త్రీల నేర్పు గొప్పది. మొదట భూమాతకు, కొండదేవతలకు పూజ చేయుదురు. సన్నని త్రాళ్లను పెనవేసి ఆరు మోకులు చేయుదురు: నాలుగు నడచుటకు, రెండు చేతులతో పట్టుకొనుటకు. పాత వంతెనను కోసి నదిలో విడుతురు. పిదప ఆరితేరిన పనివారు ఇరుగట్ల నుండి అల్లుకొనుచు వచ్చి నడుమ కలిసికొందురు. మూడు దినములు పని. నాలుగవ దినము ఆటపాటలతో పండుగ. ఈ విద్యను, ఆచారమును 2013లో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వముగా గుర్తించినది.

2020లో కోవిడ్ మహమ్మారి వలన అల్లిక ఆగినది. తప్పినది ఒక్క యేడే. 2021 మార్చిలో వంతెన తెగి నదిలో పడినది! సమీపమున వాహనములకు వేరొక వంతెన యున్నను, ఇక ఇదేల యని వారు ఊరకుండలేదు. ఆ జూన్ మాసముననే మరల అల్లిరి.

సభ్యులారా, ఇది మనకు క్రొత్త పాఠము కాదు. చెరువులు, కాలువలు బాగుచేయుటకు ఊరివారు కలిసి పనిచేయు కుడిమరామత్తు ఆచారము మన పెద్దలకు తెలిసినదే. మీ గ్రామములోని పాత వంతెనను ఒకసారి చూచి రండు. రాళ్ల సందున రావి మొక్క మొలచినదా? తూములలో చెత్త చేరినదా? నేడు చేతితో పెరుకగల మొక్క, రేపు వేళ్లు పాతి కట్టడమునే చీల్చును. పెద్ద మరమ్మతులకు ఇంజనీరు సలహా తప్పనిసరి. చెత్త తీయుటకు మాత్రము ఎవరి కొరకును వేచియుండ నక్కరలేదు.

వర్షములకు ముందు ఒక దినమును నిర్ణయింపుడు. ఇంటికొక మనిషిని పిలువుడు. పని ముగిసిన సాయంకాలము అచ్చటనే భజనయో, కోలాటమో జరుపుడు. పని పండుగయైనచో, మరుసటి యేడు పిలువకయే జనులు వత్తురు.