హైడ్రోజన్ లారీ వచ్చేలోపు మన ఊపిరి మనమే కాపాడుకుందాం

(ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లో భవన నిర్మాణ కార్మికులకు చేసిన ప్రసంగ పాఠం. చదివి మీ తోటి కార్మికులకు పంపండి. చదవలేని వారికి చదివి వినిపించండి.)

పని వదులుకుని వచ్చారు. ఒక పూట కూలి పోతే ఇంట్లో ఎంత ఇబ్బందో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే సూటిగా విషయంలోకి వస్తా.

నేను లోపలికి వస్తుంటే సెంట్రింగ్ పని చేసే ఒక అక్క అడిగింది. "సార్, నీళ్లతో నడిచే లారీలు వస్తున్నాయంట కదా, అవి వస్తే మా దగ్గు తగ్గుతదా?" అని. ఈరోజు నేను చెప్పేదంతా ఆ అక్కకు జవాబే. ముందే చెప్తున్నా, సగం జవాబు సంతోషం కలిగించేది. మిగతా సగం మన జాగ్రత్త మీద ఉంది.

పొగ ఎవరికి ఎక్కువ?

తార్నాక చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగిన బైకు మనిషి రెండు నిమిషాలు పొగ పీల్చి వెళ్లిపోతాడు. మీ సంగతి వేరు. టిప్పర్ రివర్స్ వస్తుంటే వెనక నిలబడి "రానీ, రానీ" అనేది మీరే. రెడీమిక్స్ బండి డ్రమ్ము తిరుగుతుంటే పక్కనే ఉండి కాంక్రీట్ లాగేది మీరే. ఊరంతటికీ వచ్చే పొగ మీకు ముందు వస్తుంది, ఎక్కువ వస్తుంది.

డీజిల్ పొగను 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం, క్యాన్సర్ తెచ్చే వాటిలో మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు కూడా అదే వర్గంలో ఉంది. ఈ పొగలోని సన్న కణాలు తల వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండవు. ముక్కులో ఆగవు, నేరుగా ఊపిరితిత్తుల లోపలికి పోతాయి.

హైడ్రోజన్ లారీ అంటే ఏమిటి?

అది నీళ్లు పోస్తే నడిచే బండి కాదు. నీళ్లలోకి కరెంటు పంపితే హైడ్రోజన్, ఆక్సిజన్ విడిపోతాయి. ఆ హైడ్రోజన్‌ను సిలిండర్లలో గట్టిగా కుదించి బండిలో నింపుతారు. ఒక కిలో హైడ్రోజన్ తీయడానికి సుమారు 9 లీటర్ల నీళ్లు, 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి. ఆ కిలోలో దాదాపు 3 లీటర్ల డీజిల్‌లో ఉన్నంత శక్తి ఉంటుంది.

బండ్లు రెండు రకాలు. మొదటి దాంట్లో ఫ్యూయల్ సెల్ అనే పెట్టె ఉంటుంది. హైడ్రోజన్ అందులో గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కరెంటు పుట్టిస్తుంది, మోటార్ తిరుగుతుంది. పైపులోంచి వచ్చేది నీటి ఆవిరే. రెండో దాంట్లో డీజిల్ ఇంజిన్ లాంటి ఇంజిన్‌లోనే హైడ్రోజన్ మండుతుంది. నల్ల పొగ రాదు గానీ, నైట్రోజన్ ఆక్సైడ్లు అనే వాయువులు కొంత వస్తాయి.

"బ్యాటరీ బండి ఉంది కదా, ఇది దేనికి?" అని అడగొచ్చు. నిజమే. మన హైదరాబాద్ కంపెనీ ఒలెక్ట్రా కరెంటు టిప్పర్‌ను తయారు చేసింది. నగరంలో దగ్గరి ట్రిప్పులకు అలాంటి బండి సరిపోతుంది. ఎక్కువ బరువుతో, ఎక్కువ దూరం, ఆగకుండా తిరగాలంటే బ్యాటరీ బరువు, ఛార్జింగ్ సమయం అడ్డం వస్తాయి. హైడ్రోజన్ అయితే కొద్ది నిమిషాల్లో నింపుకుని పోవచ్చు.

ఎంతవరకు వచ్చింది?

కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. దాని కింద 2025 మార్చిలో దేశంలో 10 మార్గాల్లో 37 బస్సులు, లారీలు నడిపి చూడటానికి, 9 హైడ్రోజన్ బంకులు పెట్టడానికి అనుమతి ఇచ్చారు. ఆ పదింటిలో విశాఖపట్నం–బయ్యవరం మార్గం ఉంది. హైదరాబాద్ లేదు. 2025 మే నెలలో ఛత్తీస్‌గఢ్‌లో అదానీ సంస్థ బొగ్గు మోయడానికి హైడ్రోజన్ లారీని దించింది. 40 టన్నుల బరువుతో 200 కిలోమీటర్లు పోగలదని చెప్పారు. బ్రిటన్‌లో జేసీబీ కంపెనీ, మనం రోజూ చూసే తవ్వే యంత్రాలకే హైడ్రోజన్ ఇంజిన్ తయారు చేసింది.

మనకు దగ్గర్లోనే, తార్నాకలోని ఐఐసీటీలో సూక్ష్మజీవుల సాయంతో వ్యర్థాల నుంచి, మురుగు నీటి నుంచి హైడ్రోజన్ తీసే పని మీద శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. అంటే తెలివి మన ఊళ్లోనే ఉంది. గ్యాస్ ధర తగ్గాలి, బంకులు రావాలి. ఇంకో మాట. ఇప్పుడు వాడుతున్న హైడ్రోజన్‌లో ఎక్కువ భాగం సహజ వాయువు నుంచి తీస్తున్నదే. అలా తీస్తే మన దగ్గర పొగ తగ్గినా కాలుష్యం ఇంకోచోట మిగులుతుంది. ఎండ కరెంటుతో, గాలి కరెంటుతో తీసినప్పుడే పూర్తి లాభం.

సైటుకు వస్తే జాగ్రత్త ఏమిటి?

ఇంట్లో వంట గ్యాస్ లీకైతే కింద పరుచుకుంటుంది, వాసన వస్తుంది. హైడ్రోజన్ అలా కాదు. గాలి కన్నా 14 రెట్లు తేలిక, పైకి పోతుంది. ఆరుబయట అది మంచిదే. సెల్లార్‌లో, రేకుల షెడ్డులో మాత్రం పైకప్పు కింద చేరుతుంది. వాసన ఉండదు, పగటిపూట మంట కూడా సరిగా కనపడదు. అందుకే ఆ బండి దగ్గర బీడీ, వెల్డింగ్ అసలే వద్దు. డ్రైవర్లకు, మెకానిక్‌లకు కొత్తగా శిక్షణ కావాలి. సైటులో అలాంటి బండి దించే ముందు శిక్షణ ఇవ్వమని అడగండి.

ఏ లారీ వచ్చినా దుమ్ము పోదు

హైడ్రోజన్ టిప్పర్ అయినా మట్టి మట్టే, కంకర కంకరే. రాయి, టైల్స్, గ్రానైట్ కోసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. పాడైన ఊపిరితిత్తి మళ్లీ బాగుకాదు. రాకుండా చూసుకోవడమే మందు.

గాలి ప్రమాణాలు దాటిన నగరాల కోసం కేంద్ర పర్యావరణ శాఖ 2018 జనవరిలో నిబంధనలు ఇచ్చింది. హైదరాబాద్ కూడా అలాంటి నగరాల జాబితాలో ఉంది. మీ సైటులో ఇవి చూడండి:

• మట్టి, ఇసుక, శిథిలాలు తెచ్చే బండికి పట్టా కప్పాలి.
• దుమ్ము లేచే చోట నీళ్లు చల్లాలి.
• రాయి, టైల్స్ కోత ఆరుబయట చేయకూడదు. కోసేటప్పుడు నీళ్లు పడుతూ ఉండాలి.
• ఇసుక, మట్టి కుప్పలు కప్పకుండా వదలకూడదు.

మీ చేతిలో ఉన్నవి కూడా ఉన్నాయి. టిప్పర్ ఊరికే ఆగి ఉంటే "అన్నా, ఇంజిన్ ఆపు" అని డ్రైవర్‌ను అడగండి. రెడీమిక్స్ బండికి డ్రమ్ము తిరగాలి కాబట్టి ఆపలేరు. అక్కడ పైపు వైపు కాకుండా గాలి వచ్చే వైపు నిలబడండి. ముఖానికి కట్టే తువ్వాలు సన్న దుమ్మును ఆపలేదు, ఎన్-95 మాస్కు ఇమ్మని మేస్త్రీని అడగండి. దగ్గు రెండు వారాలు దాటితే ప్రభుత్వ ఆసుపత్రికి గానీ ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి గానీ వెళ్లండి. డాక్టర్‌కు మీరు చేసే పని ఏమిటో, ఎన్నేళ్లుగా చేస్తున్నారో చెప్పండి. సిలికోసిస్‌ను టీబీ అనుకునే ప్రమాదం ఉంది. సిలికోసిస్ ఉన్నవారికి టీబీ రావడం కూడా ఎక్కువే.

కార్డు సంగతి

18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గత ఏడాదిలో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసినవారు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకోవచ్చు. నిర్మాణ ఖర్చు మీద వసూలు చేసే 1 శాతం సెస్సుతో ఈ మండలి నడుస్తుంది. అంటే అది మీరు కట్టిన గోడల నుంచి వచ్చిన డబ్బే, ఎవరి దయా కాదు. మీసేవ కేంద్రంలో దరఖాస్తు చేయండి. కార్డు ఉన్నవారు ఇవాళే గడువు తేదీ చూసుకోండి. గడువు దాటిన కార్డుతో అవసరం పడిన రోజు ఇంటివాళ్లు ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఆ అక్కకు నా జవాబు ఇది. అక్కా, మంచి లారీ తప్పకుండా వస్తది, పొగ తగ్గుతది. కానీ దుమ్ము ఆగాలంటే లారీ కోసం ఎదురుచూడకండి. 1939లో ప్రారంభమైన మన ఆర్ట్స్ కాలేజీని చూడండి. ఆ గ్రానైట్ రాళ్లు చెక్కిన చేతులు ఎవరివో ఇవాళ ఎవరికీ గుర్తు లేదు, వాళ్ల ఊపిరితిత్తులు ఏమయ్యాయో ఎవరూ రాసిపెట్టలేదు. మీ విషయంలో అలా కాకూడదు. రేపు సైటుకు పోగానే నీళ్లు చల్లారా, బండికి పట్టా కప్పారా అని అడగండి. ఒక్కరు కాదు, నలుగురు కలిసి అడగండి.