గాయపడిన కణత్వచం, వంగగల ప్రోటీన్

మెట్లు దిగే ప్రతిసారీ తొడ కండరాల కణాల్లో కొన్ని చిరుగుతాయనీ, ఆ చిరుగులు క్షణాల్లో మూసుకోబట్టే మనిషి మరునాడు నడవగలుగుతున్నాడనీ ఈ రోజు జీవశాస్త్ర పట్టాలు అందుకుంటున్న విద్యార్థులు చదివే ఉంటారు. ఆ మరమ్మతు చేసే ప్రోటీన్ల నిర్మాణం గురించి చదివినంతగా వాటి వంగే గుణం గురించి చదివి ఉండరు.

కణాన్ని ఆవరించి ఉండే కణత్వచం మందం సుమారు 5 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో 2 లక్షలవ వంతు. అది చిరిగినప్పుడు, లోపలికంటే బయట దాదాపు 10,000 రెట్లు ఎక్కువగా ఉండే కాల్షియం లోనికి చొరబడుతుంది. మితిమీరితే కణాన్ని చంపే ఆ కాల్షియమే మరమ్మతుకు పిలుపు. ఆ పిలుపు అందుకునే వాటిలో అనెక్సిన్లనే ప్రోటీన్లు ముందుంటాయి. సుమారు 70 అమైనో ఆమ్లాల మడత నాలుగుసార్లు పునరావృతమై ఏర్పడిన అనెక్సిన్ కొద్దిగా ఒంపు తిరిగిన పలకలా ఉంటుంది. దాని ఉబ్బెత్తు వైపున కూర్చునే కాల్షియం అయాన్లు ప్రోటీన్‌నూ, త్వచంలోని రుణావేశపు కొవ్వు అణువులనూ కలిపి పట్టుకుంటాయి. అనెక్సిన్ ఎ5 అణువులు మూడేసి కలిసి, గాయపు అంచున చాప అల్లికలా పరుచుకుని, చిరుగు పెద్దది కాకుండా ఆపుతాయి. అనెక్సిన్ ఎ6లో ఇటువంటి పలకలు రెండుండి, వాటిని కలిపే గొలుసు ముక్క బిగుసుకోక మెదలుతుంటుంది. గాయపు అంచులను దగ్గరికి లాగే పని ఈ అణువుదే.

ఎక్స్-కిరణాలతో రాబట్టిన ప్రోటీన్ల చిత్రాల్లో ఇలా మెదిలే భాగాలు మసకగానే మిగిలిపోతాయి. ఆ మెదలడం కూడా ప్రోటీన్ పనిలో భాగమే కాబట్టి ఆ మసకను లోపంగా తీసిపారేయడం తగదు. వంగడానికి హద్దులూ ఉన్నాయి: అమైనో ఆమ్లాల గొలుసు ఏ కోణాల్లో తిరగగలదో, ఏ కోణాల్లో పరమాణువులు ఒకదానికొకటి అడ్డుపడతాయో 1963లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ పటం గీసి చూపారు.

కణత్వచం మరమ్మతుకు అవసరమైన డిస్ఫెర్లిన్ అనే మరో ప్రోటీన్, 2,000కు పైబడిన అమైనో ఆమ్లాలతో, సీ2 అనే మడతలు ఏడు దారానికి పూసల్లా గుచ్చినట్లు ఉంటుంది. అది లోపించిన ఎలుకల కండరపు పోగులు లేజరుతో చేసిన గాయాన్ని పూడ్చుకోలేకపోయాయని 2003లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన కెవిన్ క్యాంప్‌బెల్ బృందం నిరూపించింది. మనుషుల్లో డిస్ఫెర్లిన్ జన్యువు చెడినప్పుడు, తరచు ఈ పట్టభద్రుల ఈడులోనే, కాళ్ల కండరాలు క్షీణించడం మొదలవుతుంది. ఆ వ్యాధిని మాన్పే మందు ఇంకా లేదు. ఈ సభలోని కొందరైనా అటువంటి మందును కనుగొనే పనిని చేపట్టాలని విశ్వవిద్యాలయం కోరుతోంది.