సాగరసంగమం చూసొద్దాం



మా అత్తగారు డెబ్బయ్యేళ్లుగా రాజమండ్రిలో గోదావరి స్నానం చేస్తున్నారు గానీ, ఆ గోదావరి సముద్రంలో కలిసే చోటు చూడలేదు. అందుకని మొన్న ఒక్కరోజు యాత్రా బస్సులో ఇద్దరం అంతర్వేది వెళ్లాం. పులిహోర కట్టుకుని తెల్లవారుజామునే బయల్దేరాం. రావులపాలెం, రాజోలు, మలికిపురం... దారంతా కొబ్బరితోటలే! పడమటి ముఖంగా కొలువైన నరసింహస్వామి దర్శనమయ్యాక, 2020లో కాలిపోయిన రథం బదులు చేయించిన కొత్త రథమూ చూశాం.

తీరా గైడు, "సముద్రం దగ్గర అరగంటే" అన్నాడు. మేం వచ్చిందే దానికాయె! ఆడవాళ్లమంతా ఒక్కమాట మీద నిలబడితే గంటన్నర ఇచ్చాడు. మీరైతే డబ్బు కట్టేముందే ఈ సంగతి తేల్చుకోండి.

వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటును అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. అక్కడ మాత్రం నీళ్లలోకి దిగకండి. నది వడి ఒకవైపు, సముద్రపు పోటు ఒకవైపు. కాళ్లకింద ఇసుక జారిపోతుంది. పిల్లల చెయ్యి అసలు వదలొద్దు. మేం ఒడ్డునే కూర్చుని చెంబుతో పోసుకున్నాం. అత్తగారు పుక్కిట పట్టి వెంటనే ఉమ్మేశారు.

"ఇదేమిటే, ఇంత ఉప్పగా ఉంది! ఇది మన గోదారేనా?"