సాంబారు పొడి స్వచ్ఛమైనదేనా?

పొట్లం మీద "స్వచ్ఛమైన సాంబారు పొడి" అని చూసి మురిసిపోతాం. రసాయన శాస్త్రం మాత్రం ఒప్పుకోదు. ధనియాలు, మిరపకాయలు, కందిపప్పు, మెంతులు, ఇంగువ కలిపి దంచితే అది మిశ్రమమే. అందుకే మెంతులు నాలుగు గింజలు ఎక్కువైతే చేదెక్కుతుంది.

ఒక్క పసుపే తీసుకున్నా అంతేనండీ. రంగునిచ్చే కర్కుమిన్ అందులో నూటికి 2 నుంచి 5 పాళ్ళే. తక్కినదంతా పిండిపదార్థం, పీచు, నూనెలు వగైరా. మన వంటింట్లో శుద్ధ పదార్థానికి దగ్గరగా వచ్చేది పంచదార.

మిశ్రమం కావడం దోషం కాదు, చేరకూడనిది చేరడమే దోషం. పసుపుకి నిగనిగల కోసం లెడ్ క్రోమేట్ పూస్తే, అందులోని సీసం పిల్లల మెదడుకి చేటు. కొమ్ముని గ్లాసుడు నీళ్ళలో వేసి చూడండి. వెంటనే రంగు వదిలితే వాడకండి. మసకగా ఉన్న కొమ్ములే కొని మర పట్టించుకోండి. అప్పుడు పొడిలో ఏముందో మనకి తెలుస్తుంది.