నల్లా ఎవరు బాగుచేయిస్తారు?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో 1987 పదో తరగతి బ్యాచ్ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శి అన్న ఫోన్ చేసి, "నువ్వు ఆఫ్రికాలో బడుల కోసం చందాలు పోగుచేశావు కదా, ఆ అనుభవం చెప్పు. చివర్లో మన స్వాగత తోరణం ఫండు గురించి కూడా నాలుగు మాటలు చెప్పు" అన్నాడు. అనుభవం చెబుతాను. తోరణం సంగతి మాత్రం నా మాటలు విన్నాక మీరే తేల్చండి.

మా నాయన ఇక్రిశాట్‌లో పొలం కూలీ అని ఇక్కడ చాలామందికి తెలుసు. 1972లో మన పటాన్‌చెరులో ఆ సంస్థ పెట్టినప్పటి నుంచి జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మీద పరిశోధన జరుగుతూనే ఉంది. ఆఫ్రికా దేశాల నుంచి శిక్షణకు వచ్చినవాళ్ళు మడికట్ల మీద నిలబడి పుస్తకాల్లో రాసుకుంటుంటే మా నాయన పక్కనే కలుపు తీసేవాడు. రాత్రి ఇంటికొచ్చి, "వాళ్ళూ జొన్నలు తినేటోళ్ళేనంట్రా" అని ఆశ్చర్యంగా చెప్పేవాడు. జొన్న, సజ్జ రెండూ ఆఫ్రికాలో పుట్టి వేల ఏళ్ళ కిందటే మన దగ్గరికి వచ్చిన పంటలని ఆయనకు తెలియదు. నాకూ చాలా కాలం తెలియదు.

2009లో నాకు నైరోబీలో ఉద్యోగం వచ్చింది. అంతకుముందు ఇక్కడి పారిశ్రామికవాడలోనే ఒక మందుల కంపెనీలో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేసేవాడిని. కెన్యాలో 12 ఏళ్ళున్నాను. మొదటిసారి మచాకోస్ వైపు ఒక ఊరికి వెళ్ళినప్పుడు భోజనంలో పచ్చి కందికాయల గింజలు ఉడకబెట్టి పెట్టారు. మన సంక్రాంతి రోజుల రుచి. ఆ ఊరి ప్రైమరీ బడితో నా స్నేహం అక్కడే మొదలైంది.

కెన్యాలో చందాకు ఒక పెద్ద చరిత్ర ఉంది. దాని పేరు హరంబే. స్వాహిలీ భాషలో అందరం కలిసి లాగుదాం అని అర్థం. 1963లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు జోమో కెన్యాట్టా దాన్ని దేశానికి నినాదంగా ఇచ్చాడు. వాళ్ళ రాజముద్ర మీద కూడా ఆ మాటే ఉంటుంది. సర్కారు దగ్గర పైసలు చాలవు, చదువుకోవాల్సిన పిల్లలేమో లక్షల్లో ఉన్నారు. అందుకని ఊరి జనమే చందాలు వేసుకుని, రాళ్ళు మోసి, ఇటుకలు కాల్చి బడులు కట్టుకున్నారు. వాటిని హరంబే స్కూళ్ళు అనేవారు. హరంబే సభలో ఎవరు ఎంత ఇచ్చారో పేరు పెట్టి పైకి చదువుతారు. మన పెళ్ళిళ్ళలో చదివింపుల లాంటిదే. ఇప్పుడు జనం ఫోన్‌లో ఎం-పెసా ద్వారా పంపుతున్నారు కానీ, చదివింపు మాత్రం పోలేదు.

ఆ చదివింపుతోనే చిక్కులూ వచ్చాయి. గోడలు లేచిన చాలా బడులకు చదువు చెప్పే టీచర్లు దొరకలేదు. పెద్ద మొత్తం ప్రకటించి చప్పట్లు కొట్టించుకోవడానికి నాయకులు ఎగబడ్డారు. చివరికి పదవుల్లో ఉన్నవాళ్ళు ఆ పదవి పేరుతో చందాలు వసూలు చేయకుండా 2003లో చట్టమే తేవాల్సి వచ్చింది.

ఇదంతా తెలిసి కూడా మేము అదే తప్పు చేశాం. అది చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాను.

2013లో నైరోబీలోని ఏడెనిమిది తెలుగు కుటుంబాలం దీపావళికి భోజనాల టికెట్లు అమ్మాం. లండన్‌లో, న్యూజెర్సీలో ఉన్న మన బ్యాచ్ వాళ్ళు కూడా పంపారు. ఆ ఊరి బడిలో నీళ్ళు లేవు. పిల్లలు పొద్దున్నే పుస్తకాల సంచితో పాటు పసుపుపచ్చ డబ్బాల్లో నీళ్ళు మోసుకొచ్చేవారు. అక్కడ మార్చి నుంచి మే దాకా ఒకసారి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఒకసారి వానలు పడతాయి. రేకుల కప్పు మీద పడే వాన నీటిని గొట్టాలతో పట్టి నిల్వ చేస్తే చాలనుకుని 10,000 లీటర్ల ట్యాంకు పెట్టించాం. రిబ్బన్ కట్ చేశాం. మా అందరి పేర్లతో బోర్డు పెట్టాం. ఫొటోలు మీ అందరికీ పంపాను, మీరు దండాలు పెట్టిన బొమ్మలు తిరిగి పంపారు.

ఏడాది తర్వాత వెళ్ళాను. పిల్లలు మళ్ళీ పసుపుపచ్చ డబ్బాలు మోస్తున్నారు. ట్యాంకుకు ఏమీ కాలేదు. కింద ఉన్న నల్లా విరిగిపోయింది. నిండా నిండిన ట్యాంకు ఒక్క రాత్రిలో ఖాళీ అయిందట. కొత్త నల్లా కొనడానికి బడి లెక్కల్లో ఏ పద్దులోనూ డబ్బు లేదు. ట్యాంకు మా సొత్తని ఊరివాళ్ళు అనుకున్నారు, ఊరి సొత్తని మేము అనుకున్నాం. మా బోర్డు మాత్రం మెరుస్తూ ఉంది.

నాకు కోపం వచ్చింది. ఇంత చేస్తే ఒక నల్లా వేసుకోలేరా అన్నాను. ఆ బడి హెడ్‌మాస్టరు పెద్దాయన. నెమ్మదిగా అన్నాడు: "మీరు వచ్చినప్పుడు బోర్డు ఎక్కడ పెట్టాలని అడిగారు. నల్లా విరిగితే ఎవరు బాగుచేయిస్తారని అడగలేదు."

ఆ మాట నేను ఇప్పటికీ మరచిపోలేదు.

తర్వాత పద్ధతి మార్చాం. ఆ ప్రాంతంలో కంబా జనానికి మ్వెత్యా అని ఒక ఆచారం ఉంది. పది ఇరవై ఇళ్ళవాళ్ళు, ఎక్కువగా ఆడవాళ్ళు, జట్టుగా కలిసి ఒకరి పని తర్వాత ఒకరి పని చేసుకుంటారు. మన పల్లెల్లో నాట్లకు ఒకరికొకరు బదులు పోయినట్టు. మేం ఆ జట్లతో కూర్చున్నాం. ఇసుక, రాయి, కూలి వాళ్ళవి. సిమెంటు, గొట్టాలు మావి. నల్లాకు తాళం వేసి, తాళంచెవి ఒక తల్లి చేతికిచ్చారు. ప్రతి ఇల్లూ టర్ముకు కొన్ని షిల్లింగులు మరమ్మతు డబ్బాలో వేయాలని వాళ్ళే తీర్మానించుకున్నారు. ఈసారి బోర్డు లేదు. నేను కెన్యా వదిలి వచ్చేనాటికి ఆ నల్లాను రెండుసార్లు మార్చారు. రెండుసార్లూ మాకు కబురు కూడా రాలేదు. అంతకన్నా మంచి కబురు ఏముంటుంది?

మేము చేతులు కాల్చుకుని తెలుసుకున్నది చదువుకున్నవాళ్ళు లెక్కలు వేసి ముందే చెప్పారని తర్వాత తెలిసింది. మన దేశంలో పుట్టిన అభిజిత్ బెనర్జీతో, ఎస్తేర్ డుఫ్లోతో కలిసి 2019లో నోబెల్ అందుకున్న మైఖేల్ క్రెమర్, ఆయన సహచరులు పశ్చిమ కెన్యా బడుల్లో పరీక్షించి చూశారు. పిల్లలకు పాఠ్యపుస్తకాలు ఉచితంగా ఇస్తే సగటు మార్కులు పెరగలేదు. ముందునుంచీ బాగా చదివేవాళ్ళకే అవి పనికొచ్చాయి. ఎందుకంటే పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఆ పిల్లలకు ఇంట్లో ఒక భాష, బయట స్వాహిలీ, మూడోది ఇంగ్లీషు. ఆ ప్రాంతంలోనే పిల్లలకు నులిపురుగుల మందు ఇస్తే బడి మానడం నాలుగో వంతు తగ్గింది. పుస్తకం కంటే మాత్ర ఎంతో చవక. పుస్తకం చెడ్డదని కాదు. ఆ బడికి ఏది అడ్డమో తెలుసుకోకుండా ఇస్తే పుస్తకమైనా బీరువాలోనే ఉంటుంది.

ఇంకో పరిశోధన మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ, ఆఫ్రికాలోని జాంబియాలోనూ జరిగింది. కార్తీక్ మురళీధరన్, మరికొందరు కలిసి చేసిన ఆ పని 2013లో అచ్చయింది. బడికి అనుకోకుండా గ్రాంటు వస్తే పిల్లల మార్కులు పెరిగాయి. వస్తుందని ముందే తెలిసిన గ్రాంటుతో పెరగలేదు. కారణం మన ఇళ్ళలోనే ఉంది. నోటుబుక్కులు, పెన్నులు బడివాళ్ళు ఇస్తారని తెలిస్తే తల్లిదండ్రులు వాటికి పెట్టే ఖర్చు ఆపి, ఆ డబ్బు ఇంకో అవసరానికి వాడుకుంటారు. అది వాళ్ళ తప్పు కాదు, సంసారం అలాగే నడుస్తుంది. మనం ఇచ్చేది మాత్రం తల్లిదండ్రులు ఎంత కష్టపడినా కొనలేనిదై ఉండాలి.

పెద్ద మొత్తం ఉంటేనే సాయమా అని అడిగేవాళ్ళకు ఒక సంగతి చెబుతాను. స్వీడన్‌లో హిల్డే బాక్ అనే టీచరమ్మ ఉండేది. నాజీల కాలంలో జర్మనీ నుంచి ప్రాణాలతో బయటపడిన యూదు స్త్రీ. ఆమె కెన్యాలోని ఒక పల్లె పిల్లవాడి చదువుకు టర్ముకు 15 డాలర్ల చొప్పున పంపింది. ఆ పిల్లవాడు క్రిస్ ంబురు హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదివి, ఐక్యరాజ్యసమితిలో మానవ హక్కుల న్యాయవాది అయ్యాడు. తర్వాత తన ఊరివైపు పేద పిల్లల కోసం ఆమె పేరుతోనే నిధి పెట్టాడు. ఆమె ధనవంతురాలు కాదు. మధ్యలో మానేయలేదు, అంతే.

ఇక మన బడి సంగతి.

మొన్న వచ్చీ రాగానే హెడ్‌మిస్ట్రెస్ మేడంను కలిసి, "మేడం, సోమవారం పొద్దున బడి తెరిస్తే మీకు ఏది ఆగిపోతోంది?" అని అడిగాను. ఆమె తోరణం పేరెత్తలేదు. నన్ను ఆరో తరగతిలోకి తీసుకెళ్ళారు. ఫ్యాక్టరీల్లో, ఇటుక బట్టీల్లో, కొత్త అపార్టుమెంట్ల దగ్గర పనిచేయడానికి ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్ళ పిల్లలు గదిలో మూడో వంతు ఉన్నారు. ఒక అమ్మాయి బోర్డు మీది తెలుగు పాఠమంతా ముత్యాల్లాంటి అక్షరాలతో దించుకుంటోంది. చదవమ్మా అంటే తల వంచుకుంది. ఆమెకు అవి బొమ్మలు. చూసి గీస్తోంది. కెన్యా పిల్లల చేతిలో ఇంగ్లీషు పుస్తకం ఎలా ఉందో మన బడిలో ఈ పాప చేతిలో తెలుగు వాచకం అలా ఉంది.

మేడం అడిగింది ఒక్కటే. హిందీ గానీ ఒడియా గానీ వచ్చి, తెలుగు నేర్పగలిగిన ఇద్దరు. నెలకు 15,000 చొప్పున ఇద్దరికి పది నెలలకు 3 లక్షలు. మూడేళ్ళకు 9 లక్షలు. మన తోరణం అంచనా 11 లక్షలు. మిగిలే 2 లక్షలు నల్లాల మరమ్మతుకు ఉంచుకోవచ్చు.

తోరణం అడిగినవాళ్ళను నేను తప్పుపట్టను. బడి మీద ప్రేమతోనే అడిగారు. 2022లో మన ఊరు - మన బడి కార్యక్రమం మొదలైనప్పుడు కూడా 10 లక్షలిస్తే తరగతి గదికి పేరు పెడతామన్నారు. గదికైతే పేరు పెట్టొచ్చు. ఒక పాపకు చదవడం వచ్చిందంటే దాని మీద ఎవరి పేరు చెక్కుతాం?

విదేశాల్లో ఉన్న మనవాళ్ళకు ఒక ముఖ్యమైన మాట. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే, పుట్టింది సంగారెడ్డిలోనే అయినా, చట్టం దృష్టిలో విదేశీ విరాళమే. దాన్ని తీసుకోవాలంటే సంఘానికి కేంద్ర హోం శాఖ అనుమతి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా ఉండాలి. పక్కా రిజిస్ట్రేషన్ కావాలంటే మూడేళ్ళ పని, ఆ మూడేళ్ళలో 15 లక్షల ఖర్చు చూపించాలి. మన సంఘానికి అవి లేవు. కాబట్టి ఉత్సాహంలో ఎవరూ కోశాధికారి ఖాతాకు పంపి ఆయనను ఇబ్బంది పెట్టకండి. అలాంటివాళ్ళు డబ్బుకు బదులు సమయం ఇవ్వండి. వారానికి ఒక గంట ఫోన్‌లో ఒక పిల్లవాడితో కథ చదివించండి. ఇక డబ్బు సంగతంటారా, గోడ అవతల ఫ్యాక్టరీలున్నాయి. 2014 నుంచి పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలని చట్టం ఉంది. ఈ పిల్లల తండ్రులు పనిచేసేది వాళ్ళ దగ్గరే. ఆ గేటు దగ్గరికి అందరం కలిసి వెళ్ళి అడుగుదాం.

మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో తోరణం తీర్మానం వస్తుంది. చేయి ఎత్తే ముందు ఒక్కసారి ఆరో తరగతి గదికి వెళ్ళి రండి. కుడివైపు మూడో బెంచీ. ఆ పాప నోటుబుక్కు చూపించమనండి, చూపిస్తుంది. ఆ తర్వాత మీరు దేనికి చేయి ఎత్తినా నాకు సమ్మతమే.

సెలవు.